నాలుగేళ్ళ ఇల్లు

బసవపున్నయ్యకి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ తన ఫ్లాటు చూపించడం ఒక జబ్బు. బాల్కనీలోంచి బందరు కాలువ కనపడుతుందని, వంటింట్లో పొగ నిలవదని, పూజగది గుమ్మం బర్మా టేకుతో చేయించానని చెప్పీ చెప్పీ చుట్టాలందరికీ ఆ పాఠం నోటికొచ్చేసింది. ఆ ఆదివారం మాత్రం చూపించడానికి ఆయనకి కొత్త వస్తువు దొరికింది. ఆ వస్తువు ఆయన మరదలు మందాకిని.

"నాడి కనిపెట్టింది ఈ అమ్మాయే," అని భోజనానికి పిలిచిన స్నేహితులిద్దరికీ పరిచయం చేశాడు. "టీవీలో చూసుంటారు. మా ఇందుమతికి సొంత చెల్లెలు."

మందాకిని మొహమాటంగా నవ్వింది. యూనివర్సిటీలో కాంక్రీటు గురించి పాఠాలు చెప్పుకునే మనిషి. రెండేళ్ళ క్రితం దాకా ఆమె పేరు సొంత విద్యార్థులకి కూడా పరీక్షల ముందే గుర్తొచ్చేది. ఇప్పుడు పెళ్ళికెళితే పెళ్ళికూతుర్ని వదిలేసి ఆమెతో ఫొటోలు దిగుతున్నారు.

"అమ్మాయ్, ఆ బిళ్ళ తెచ్చావా? మా స్తంభానికోసారి అంటించు. వీళ్ళు చూస్తారు," అన్నాడు బావ.

"భోజనాల వేళ ఇప్పుడెందుకు బావగారూ..."

"నిమిషం పనేగా! వందేళ్ళకి తక్కువ చూపిస్తే నన్నడుగు. దగ్గరుండి కట్టించుకున్న బిల్డింగు ఇది."

మందాకిని సంచిలోంచి నాడిని తీసింది. అప్పడమంత ఉంటుంది, అప్పడంలాగే గుండ్రంగా, పల్చగా. దాన్ని హాలుకీ భోజనాల బల్లకీ మధ్యనున్న స్తంభానికి అంటించింది. లోపల ఎవరో గోటితో కొట్టినట్టు చిన్న చప్పుడైంది. ఆ చప్పుడు స్తంభంలో ఎంతదూరం పోయిందో, ఎక్కడెక్కడ తడబడిందో నాడి వింటుంది. విని, ఆ కట్టడానికి ఇంకా ఎన్నేళ్ళ ఆయువుందో చెబుతుంది. అందరూ నవ్వుతూ చూస్తున్నారు. ఆమె ఫోనులో అంకె పడింది.

నాలుగు.

ఆమె మళ్ళీ చూసింది. అంకె పక్కనే ఆకుపచ్చ చుక్క ఉంది. నేను సరిగ్గానే విన్నాను అని నాడి చెప్పుకునే పద్ధతి అది.

"ఛార్జింగ్ అయిపోయినట్టుంది బావగారూ," అంది మందాకిని.

"ప్రపంచానికంతా చూపిస్తావు, మా ఇంటికొచ్చేసరికి ఛార్జింగ్ ఉండదా!" అని బసవపున్నయ్య గట్టిగా నవ్వాడు. ఇందుమతి గుత్తొంకాయ కూర చల్లారిపోతోందని అందరినీ బల్ల దగ్గరకి తరిమింది. మందాకిని అక్క వడ్డించిందల్లా తినేసింది. ఏం తిన్నదో ఆమెకి తెలియలేదు.

భోజనాలయ్యాక కారులో ఏదో మర్చిపోయానని కిందకి దిగింది. హంసధ్వని టవర్స్ సెల్లార్‌లో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఒక స్తంభం మీద సుద్దముక్కతో మూడు వికెట్లు గీసుకున్నారు. ఆమె ఆ స్తంభానికి నాడిని పెట్టింది. మూడు. దాని పక్కదానికి పెట్టింది. అయిదు. మూలనున్నదానికి మళ్ళీ నాలుగు. ప్రతిసారీ ఆకుపచ్చ చుక్క.

"ఆంటీ, జరగండి, బంతి తగులుద్ది," అన్నాడు బౌలింగ్ చేసేవాడు. ఆమె జరిగింది. వెళ్ళి కారు బానెట్ మీద కూర్చుండిపోయింది.

మరదలు ఎంతకీ పైకి రాకపోతే బసవపున్నయ్య తమలపాకులు నములుతూ కిందకొచ్చాడు.

"ఏందమ్మాయ్, ఇక్కడ కూర్చున్నావ్?"

"బావగారూ, ఈ బిల్డింగ్ కట్టేటప్పుడు మీరు దగ్గరున్నారు కదూ?"

"ఉండటమేంటి! బిల్డర్ మెడ మీద కూర్చుని పూర్తి చేయించింది నేనే." ఆయనకి హుషారొచ్చింది. "శుక్రమూఢం వచ్చేస్తోంది. అది దాటితే ఆషాఢం. మొత్తం మీద ఎండాకాలంలో పాలు పొంగించకపోతే శ్రావణం దాకా ముహూర్తం లేదు. బిల్డరేమో సిమెంటు ఆరలేదు, సెంట్రింగ్ కర్రలు ఇప్పుడే విప్పకూడదు అని నసుగుతాడు. కొన్నవాళ్ళందరినీ పోగేసి గేటు ముందు టెంటు వేయించా. మూడ్రోజులు కూర్చున్నాం. దెబ్బకి దిగొచ్చాడు. ఒక అంతస్తు కర్రలు విప్పటం, పై అంతస్తు పోయటం, అది ఆరేలోపే ఇంకోటి! మూఢం ముందురోజు తొంభై ఇళ్ళల్లోనూ ఒకేసారి పాలు పొంగినయ్యి. పేపర్లో కూడా వేశారు తెలుసా?"

మందాకిని ఆయన ముఖంలోకి చూసింది. ఆ గర్వం చూస్తే ఆమెకి కోపం కూడా రాలేదు, ఏడుపొచ్చింది. కాంక్రీటు పసితనంలో మోసిన బరువుని మర్చిపోదు. గట్టిపడకముందే బరువు నెత్తిన పడితే లోపల వెంట్రుక కంటే సన్నటి చీలికలు పుడతాయి. పైన రంగులేస్తే అవి కనపడవు. ఏళ్ళు గడిచేకొద్దీ ఒకదానివైపు ఒకటి పాక్కుంటూ పోతాయి. అవన్నీ ఎప్పటికి కలుస్తాయో లెక్కకట్టడమే నాడి చేసే పని.

నాడి లెక్క తప్పదని మొదట నమ్మినవాళ్ళు లేరు. ఊళ్ళో ఒక పాత దుకాణాల భవనానికి అది సున్నా చూపిస్తే వర్తకులు ఆమె ఏడుతరాలనీ తిట్టుకుంటూ ఖాళీ చేశారు. తర్వాతి వానాకాలం ఆ భవనం కూలింది. ఒక పిల్లి చచ్చిపోయింది, అంతే. ఆ రోజునుంచీ మందాకిని ఊరందరికీ దేవతైపోయింది.

కానీ మనవాళ్ళు దేవుణ్ణయినా సరే ముందు రియల్ ఎస్టేట్‌కి వాడుకుంటారు. ఏడాది తిరిగేసరికి హోర్డింగుల మీద "ఈస్ట్ ఫేసింగ్, నూరుశాతం వాస్తు, నాడి తొంభై" అని రాయడం మొదలైంది. బ్యాంకులు అంకె తక్కువున్న ఇళ్ళకి అప్పివ్వడం మానేశాయి. చదరపు అడుగు ధర పోయి ఏడాది ఆయువుకింత అనే ధర వచ్చింది. ఊరి నడిబొడ్డున ఖరీదైన ఫ్లాట్లని కొనే దిక్కులేక వదిలేశారు, ఊరవతల నిన్నగాక మొన్న లేచిన కట్టడాలకి రెక్కలొచ్చాయి. ఇళ్ళున్నవాళ్ళు గగ్గోలు పెడితే ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది: అంకె ఆ అపార్టుమెంటు యజమానుల సంఘానికి చెందిన ఆస్తి, సంఘం తీర్మానం లేకుండా దాన్ని బయటపెడితే నేరం. దాంతో పాత అపార్టుమెంట్లవాళ్ళు అసలు కొలిపించుకోవడమే మానేశారు. కొలవని ఇళ్ళకి అప్పు పుట్టదు కాబట్టి అవి నమ్మకం మీద, చేతిలో సొమ్ముమీద చేతులు మారుతున్నాయి. ఊళ్ళో వందల ఇళ్ళున్నాయి ఇలా. హంసధ్వని వాటిలో ఒకటి.

రెండ్రోజుల తర్వాత మందాకిని అక్కని ల్యాబ్‌కి తీసుకొచ్చింది. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. బల్ల మీద రెండు కాంక్రీటు దిమ్మలు పెట్టింది, రెండూ ఒకే రోజు, ఒకే గమేలాలోంచి పోసినవి.

"దీన్ని నెలరోజులు తడుపుతూ ఆరనిచ్చాం. దీనిమీద వారానికే బరువు పెట్టాం. చూడు, రెండూ ఒకేలా ఉన్నాయి కదా?"

ఇందుమతి రెంటినీ చేత్తో తడిమింది. "ఒకేలా ఉన్నాయే. అయితే?"

మందాకిని మొదటి దిమ్మని యంత్రంలో పెట్టి నొక్కింది. ముల్లు పైకి పోతూనే ఉంది, దిమ్మ కదల్లేదు. దాన్ని తీసి రెండోది పెట్టింది. ముల్లు సగం కూడా పోకముందే దిమ్మ పెద్ద చప్పుడుతో పగిలి పొడిపొడిగా రాలింది. ఇందుమతి ఉలిక్కిపడి చెల్లెలి భుజం పట్టుకుంది.

"అక్కా, మొన్న ఛార్జింగ్ అయిపోలేదు."

ఇందుమతి పెద్దగా చదువుకోలేదు. తల్లి పోయేనాటికి మందాకినికి తొమ్మిదేళ్ళు. చెల్లెలికి జడలేసి బడికి పంపడం కోసం ఇందుమతి తన చదువు మానుకుంది. చదువు లేకపోయినా ఆమెకి విషయం వెంటనే అర్థమైంది. ఆ పొడి వైపే చూస్తూ అడిగింది.

"ఎన్నేళ్ళు?"

"నాలుగు. రెండూ కావచ్చు, అయిదూ కావచ్చు. కూలేది మాత్రం ఖాయం. అసోసియేషన్‌కి చెప్పి అందరినీ ఖాళీ చేయించాలి."

"మీ బావకి నేను చెప్తా. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు," అంది ఇందుమతి.

మర్నాడు బావ ఫోన్ చేశాడు. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే ధాటి లేదు.

"అమ్మాయ్, ఎవరికన్నా చెప్పావా?"

"ఇంకా లేదు బావగారూ."

"మేం అమ్ముకునేదాకా ఆగు. అంతే నేనడిగేది."

"తొంభై కుటుంబాలున్నాయి బావగారూ అందులో. పిల్లలున్నారు. మీరు అమ్మితే కొన్నవాళ్ళు వస్తారుగా దాంట్లోకి?"

"నాలుగేళ్ళుందన్నావుగా! నాలుగు నెలలు ఆగితే కొంపేం మునగదు. మేం బయటపడ్డ తెల్లారే చెప్పు, నేనొచ్చి నీ పక్కన నిలబడతా."

మందాకిని ఒప్పుకోలేదు. అప్పుడు ఇందుమతి ఫోన్ అందుకుంది. ఏడవలేదు, బతిమాలలేదు.

"ఉయ్యూరు పొలం, నా బంగారం, ఆయన రిటైరైన సొమ్ము, అన్నీ ఆ గోడల్లోనే ఉన్నాయే మందా. నువ్వు రేపు చెప్తే ఎల్లుండికి మాకు నిలవనీడుండదు. నిన్నెప్పుడైనా ఏదన్నా అడిగానా నేను?"

అడగలేదు. నలభయ్యేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. మందాకిని సరేనంది.

ఆ నాలుగు నెలలూ ఆమె అక్కవాళ్ళింటికి వెళ్ళలేదు. యూనివర్సిటీకి ఆ దారినే వెళ్ళాల్సి ఉన్నా, చుట్టు తిరిగి వెళ్ళేది. ఫ్లాటు అమ్ముడైందని, అనుకున్నదానికంటే మంచి ధరే వచ్చిందని అక్క ఫోన్ చేసినప్పుడు ఆమె బావుందంది. కొన్నదెవరని అడగలేదు. అడిగితే ఆ మనిషికి ఒక పేరుంటుంది, పేరు తెలిస్తే ఆగలేనని భయం.

పేరు దానంతటదే వచ్చింది. ల్యాబ్‌లో నాడి లెక్కలన్నీ చూసే హరనాథ్ ఒక ఉదయం బందరు లడ్డూల డబ్బాతో ఆమె గదిలోకి వచ్చాడు. ముప్ఫయ్ రెండేళ్ళవాడు, నాడి మొదటి బిళ్ళ పనిచేసినరోజు ఆమెతోపాటు ఎగిరి గంతేసినవాడు.

"మేడమ్, నోరు తీపి చేసుకోండి. ఇల్లు కొన్నాం. మీకు సర్‌ప్రైజ్ ఇద్దామని రిజిస్ట్రేషన్ అయ్యేదాకా చెప్పలేదు."

"ఎక్కడ?" అంది ఆమె లడ్డూ అందుకుంటూ.

"మీకు తెలియని ఇల్లేం కాదు మేడమ్. మీ అక్కగారి ఫ్లాటే! మా పాప చిన్మయి అప్పుడే బాల్కనీ నాదంటోంది."

మందాకిని లడ్డూని మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. "హరనాథ్... నువ్వు కొలవలేదా? బిళ్ళలన్నీ నీ చేతిలోనే ఉంటాయి కదా?"

"కొలవబోయాను మేడమ్. మీ బావగారు నవ్వారు. మా మందాకిని ఇదే స్తంభానికి నాడి పెట్టి చూసింది, నీకు ఆవిడ మీద నమ్మకం లేదా అన్నారు. నాకే సిగ్గేసింది. మీ అక్కగారుండే ఇంటిని మీరు చూడకుండా ఉంటారా?"

బసవపున్నయ్య అబద్ధం చెప్పలేదు. అదే ఆమె గుండెలో దిగింది. ఆమె లేచి తలుపు మూసి, ఉన్నదున్నట్టు చెప్పింది. అంకె, సెల్లార్ స్తంభాలు, మూఢం కథ, నాలుగు నెలల గడువు, ఏదీ దాచలేదు. హరనాథ్ కుర్చీ పట్టుకుని నిలబడి విన్నాడు.

"మా నాన్న పొలం అమ్మి ఇచ్చాడు మేడమ్," అన్నాడు చివరికి.

"నన్ను క్షమించమని అడగను. ఈ ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌కెళ్ళి అందరికీ చెప్పేస్తాను. నువ్వు ఈరోజే మీ ఆవిడనీ పాపనీ తీసుకుని..."

"చెప్పేస్తారా?" హరనాథ్ తల ఎత్తాడు. ఆ చూపు ఆమె అతని దగ్గర ఎన్నడూ చూడలేదు. "మీ అక్కగారు బయటపడేదాకా ఆగారు. నా వంతొచ్చేసరికి నిజం గుర్తొచ్చిందా మేడమ్?"

ఆమె లడ్డూల డబ్బాకి మూత పెట్టింది.

"నా పిల్లని నేనందులో ఒక్కరోజు కూడా ఉంచను. అత్తగారింట్లో దింపేస్తా. కానీ నాకూ ఆ నాలుగు నెలలివ్వండి. వాళ్ళకిచ్చిందే అడుగుతున్నా, ఎక్కువేం అడగట్లేదు."

"నీ తర్వాత కొన్నవాడు కూడా ఇదే అడిగితే?"

"వాడికీ ఇవ్వండి," అన్నాడు హరనాథ్. లడ్డూల డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె ఇవ్వలేదు. ఆదివారం హంసధ్వని కమ్యూనిటీ హాల్లో యజమానుల సమావేశానికి వెళ్ళింది. లిఫ్ట్ మరమ్మతు గురించి, కుక్కల గురించి గొడవపడుతున్న జనం ఆమెని చూసి చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు వీరభద్రరావు, రిటైరైన తహసీల్దారు, శాలువా తెప్పించడానికి మనిషిని పంపబోయాడు. ఆమె వద్దని చెప్పి మైకు అందుకుంది. యజమానులకి వాళ్ళ అంకె చెప్పడం నేరం కాదు. చెప్పింది. పగిలిన దిమ్మ ఫొటో చూపించింది. మా అక్క కోసం నాలుగు నెలలు దాచాను, అది నా తప్పు, మీరు నన్నేమైనా అనండి, కానీ ముందు ఇళ్ళు ఖాళీ చెయ్యండి అంది.

అరుస్తారనుకుంది. మీద పడి కొడతారేమోనని కూడా అనుకుంది. కానీ ముందు వరసలో ఒక పెద్దావిడ మెల్లగా అడిగింది.

"ఇంకెవరికన్నా చెప్పావా అమ్మా?"

"లేదండీ."

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. వీరభద్రరావు లేచి గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్ గారు మన మేలు కోరి చెప్పారు. వారికి కృతజ్ఞతలు. ఇప్పుడు మనం కంగారు పడకూడదు. ఈ మాట ఈ హాలు దాటి బయటికి పోకూడదు. సమ్మతమైనవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. కొన్ని వెంటనే, కొన్ని పక్కవాళ్ళని చూసి. భర్త ఎత్తితే కొంగు నోట్లో కుక్కుకున్న ఒక భార్య, తర్వాత తనూ ఎత్తింది. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ హరనాథ్ మందాకిని వైపు చూడకుండా చెయ్యెత్తాడు.

"మీకు అర్థమైందా నేను చెప్పింది?" అంది మందాకిని. "మీరు ఈ పూటే పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోవాలి!"

"వెళ్తామమ్మా, వెళ్తాం," అన్నాడు వీరభద్రరావు అనునయంగా. "ఉత్త చేతుల్తో ఎక్కడికెళ్తాం చెప్పండి? ఇదమ్మితేగా ఇంకోటి కొనేది."

మూడో వరసలో లెక్కల మాస్టారొకాయన లేచాడు. అందరూ ఒకేసారి అమ్మకానికి పెడితే ధర పడిపోతుందని, బయటివాళ్ళకి అనుమానం వస్తుందని, నెలకి రెండు ఫ్లాట్లకి మించి అమ్మకూడదని చెప్పాడు. మరి ముందెవరు, వెనకెవరు అని గొడవ మొదలైంది. పై అంతస్తువాళ్ళు మాకు ప్రమాదం ఎక్కువన్నారు, కింది అంతస్తువాళ్ళు మొత్తం మామీదే పడుతుందన్నారు. చివరికి చీటీలు వేసుకుందామన్నారు. వినాయకచవితికి ఉండ్రాళ్ళు కలిపే పెద్ద స్టీలు గిన్నె తెచ్చి ఫ్లాటు నంబర్లు రాసిన చీటీలు అందులో వేశారు. పెద్దావిడ కళ్ళు మూసుకుని, దండం పెట్టుకుని, మొదటి చీటీ తీసింది. ఎవరిదో నంబరు రాగానే ఆ కుటుంబం లాటరీ తగిలినట్టు కౌగిలించుకుంది. నెలకి రెండు చొప్పున తొంభై ఫ్లాట్లకి ఎంతకాలం పడుతుందో లెక్క వేసుకున్న మాస్టారు నాలుగేళ్ళలోపే అయిపోతుందని ప్రకటించాడు. చివరి చీటీ వచ్చినాయన కుర్చీలోనే కూలబడ్డాడు.

మందాకిని ఆ గిన్నె వైపు చూస్తూ నిలబడిపోయింది. నాడి చేస్తున్నప్పుడు ఆమె ఎన్నో తప్పుల గురించి ఆలోచించింది. అంకె ఎక్కువ చూపిస్తే ఏమవుతుంది, తక్కువ చూపిస్తే ఏమవుతుంది అని ఏళ్ళ తరబడి నిద్రపోలేదు. సరైన అంకె చూపిస్తే ఏమవుతుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ తర్వాత ఆమె చేయగలిగిందల్లా చేసింది. ఆఫీసుల చుట్టూ తిరిగితే సంఘం తీర్మానం తెమ్మన్నారు. పేపర్ వాళ్ళూ తీర్మానమే అడిగారు. తెగించి ఫేస్‌బుక్‌లో రాస్తే సంఘం లాయరు నోటీసిచ్చాడు, పక్క వెంచర్ వాళ్ళు డబ్బిచ్చి రాయించారని నలుగురూ అన్నారు. సొంత అక్క మంచి ధరకి అమ్ముకున్నాక ఈవిడకి ఆ ఇల్లు చేదైందా అని కింద ఎవరో రాశారు. దానికి వెయ్యిమంది నవ్వుబొమ్మలు పెట్టారు. యూనివర్సిటీ ఆమెని సెలవు మీద పంపింది. కొత్తింట్లోంచి ఇందుమతి ఫోన్ చేసి, "ఎందుకే నీకు ఊళ్ళోవాళ్ళ గోల?" అంది. మందాకిని కోపం పట్టలేక అక్క మీద అరిచి ఫోన్ పెట్టేసింది. జీవితంలో అదే మొదటిసారి అరవడం. తర్వాత చాలాసేపు ఏడ్చింది.

చివరికి ఆమె హంసధ్వని గేటు బయట, రోడ్డు మీద నిలబడటం మొదలుపెట్టింది. కేసు పెడితే అంకె కోర్టులో రచ్చకెక్కుతుందని సంఘంవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఫ్లాటు చూడటానికి వచ్చిన ప్రతి కారునీ ఆపి చెప్పేది. కొందరు అద్దం దించేవాళ్ళు కాదు. కొందరు ఎంతిస్తే వెళ్ళిపోతావని అడిగేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు మాత్రం నమ్మి వెనక్కి తిరిగిపోయారు. ఆ రోజులు ఆమె ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తినేది.

ఒక శుక్రవారం పొద్దున గుంటూరు బండి ఒకటి వచ్చి ఆగింది. మిర్చి వ్యాపారం చేసే నలభయ్యేళ్ళ మనిషి, పక్కన భార్య. అతను ఆమెని గుర్తుపట్టి కారు దిగి నమస్కారం పెట్టాడు. ఆమె చెప్పిందంతా అడ్డు తగలకుండా విన్నాడు. మధ్యలో తెలివైన ప్రశ్నలు కూడా అడిగాడు. పగుళ్ళు పైకి ఎప్పుడు కనపడతాయి? అంతకుముందు ఎవరైనా కనిపెట్టగలరా? నాలుగంటే కచ్చితంగా ఎంత? ఇన్నాళ్ళకి ఒక మనిషి చెవొగ్గి వింటున్నాడని ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఉన్నదంతా ఓపిగ్గా చెప్పింది.

"మీరు చెప్పేది అబద్ధం కాదని తెలుస్తానే ఉందండీ," అన్నాడతను. భార్య వైపు తిరిగి, "అందుకే రెండు వారాల్నించీ రేటు తగ్గిస్తా వస్తన్నారు. ఇంకొంచెం గట్టిగా అడగొచ్చు," అన్నాడు.

మందాకినికి ముందు అర్థం కాలేదు. "కొంటారా? ఇంత విన్నాక కూడా?"

"రెండేళ్ళు ఉంచుకుని వదిలించేసుకుంటానండీ. ఆ ధరకొస్తే బానే మిగుల్తది."

"కూలిపోయే ఇల్లండీ అది!" ఆమె అతని చెయ్యి పట్టుకుంది. పరాయి మగవాడి చెయ్యి పట్టుకున్నానన్న స్పృహ కూడా లేదు. "మీకు పిల్లలున్నారా? వాళ్ళని ఆ గోడల మధ్య ఎలా పడుకోబెడతారు?"

అతను నొచ్చుకున్నాడు. తనని అంత కసాయివాడనుకున్నందుకు నిజంగానే బాధపడ్డాడు. ఆమె చేతిని మెల్లగా విడిపించి, పెద్దవాళ్ళకి ధైర్యం చెప్పినట్టు చెప్పాడు.

"అయ్యో, మేమెందుకుంటామండీ అందులో? అద్దెకిస్తాం."